చలికాలపు పూలకు వానాకాలపు పని

పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావాటి సారాంశం ఒక్కటే. చలి మొదలైంది, పక్కింటి ప్రహరీ మీద పూలు విరగబూశాయి, మన చెట్టు మాత్రం ఆకులతోనే కాలం గడుపుతోంది. ఏం మందు వేయాలని అందరూ అడిగారు. మందుతో తీరే ఇబ్బంది ఒకటి రెండు ఉత్తరాలలో మాత్రమే ఉంది కనుక, మిగిలినవారికి ఏ నెలలో ఏ పని చేయాలో కొంత వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మూడేళ్ళ కింద మా పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి డిసెంబరు పూల చెట్టు నాటాను. చెట్టు ఏపుగా పెరిగి దారికి అడ్డంగా వాలుతుంటే నవంబరు మొదటి వారంలో నడుము ఎత్తుకు కత్తిరించాము. ధనుర్మాసం సగం గడిచినా పూజకు పది పూలు కూడా రాలేదు. చెట్టుకు ఏమైనా తెగులు సోకిందా? (ఒక గృహిణి, హనుమకొండ)

జవాబు: తెగులేమీ లేదమ్మా. మీరు కొమ్మలనుకుని కత్తిరించి పారేసినవాటిలోనే ఈ ఏటి పూలు ఉన్నాయి. ఈ చెట్టుకు మొగ్గలు పాత కాండం మీద రావు. జూన్ తరువాత పుట్టిన లేత కొమ్మల చివర్లలోనూ, ఆ చివర్లకు దగ్గరగా ఉన్న ఆకుల మొదళ్ళలోనూ గుత్తులుగా వస్తాయి. అక్టోబరు చివర్లో ఒక కొమ్మ కొసను వేళ్ళతో విప్పి చూడండి. అంచుల వెంట సన్నని ముళ్ళున్న చిన్న ఆకుపచ్చని రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి, వాటి నడుమ బియ్యపు గింజంత మొగ్గలు దాగి ఉంటాయి. అవి కంటికి ఆనేసరికే కత్తెర కాలం దాటిపోయిందని అర్థం.

ఈ చెట్టుకు సంవత్సరంలో ఒకే ఒక్కసారి గట్టి కత్తిరింపు కావాలి. ఫిబ్రవరిలో పూలు పూర్తిగా అయిపోయాక, నేల నుంచి జానెడు ఎత్తు మాత్రం ఉంచి మిగిలినదంతా తీసేయండి. చూడటానికి మోడులా ఉంటుంది కానీ భయపడవద్దు. ఎండాకాలమంతా వారానికి రెండుసార్లు నీళ్ళు పోస్తే చాలు, మృగశిర కార్తెలో తొలకరి పడగానే మొదలు నుంచి పది పన్నెండు చిగుళ్ళు లేస్తాయి. ఆ చిగుళ్ళు జానెడు పెరిగాక తలలు తుంచండి. తుంచిన ప్రతి తలకూ రెండు మూడు పక్క కొమ్మలు వస్తాయి. జూలై చివర మరోసారి తుంచవచ్చు. ఆగస్టు దాటాక మాత్రం కత్తెరను ఇంట్లోనే దాచేయాలి. దారికి అడ్డం వస్తే కొమ్మలను దారంతో వెనక్కి కట్టుకోండి.

ఈ తప్పు నేనూ చేశాను. ఒక ఏడాది దసరాకు ఇంటికి రంగులు వేయిస్తూ, మేస్త్రీకి అడ్డం వస్తున్నాయని గోడ వెంట ఉన్న నాలుగు చెట్లనూ మొదలంటా నరికించాను. సంక్రాంతికి గోడ మాత్రం కొత్తగా ఉంది, పూలు పక్కింటి నుంచి అడిగి తెచ్చుకోవలసి వచ్చింది.

చోటు విషయానికొస్తే, రోజుకు అయిదారు గంటల ఎండ తగలాలి. చెట్టు నీడలో బతుకుతుంది, కొమ్మలు సాగుతాయి, పూలు మాత్రం పలచబడతాయి. మొదట్లో నీళ్ళు నిలవకూడదు. కంచెగా వేసుకోదలచినవారు రెండడుగులకు ఒకటి చొప్పున నాటితే రెండో ఏటికి కలిసిపోతాయి. కొత్త మొక్కలకు జూన్, జూలై నెలల్లో పెన్సిలంత మందమున్న కొమ్మలను మూడు నాలుగు కణుపులతో కోసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చితే సులువుగా వేళ్ళు పడతాయి. గింజతోనూ వస్తుంది కానీ పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే ఎండిన కాయ మధ్యాహ్నపు ఎండలో టప్పున పగిలి గింజలను దూరంగా చిమ్మేస్తుంది. కాయలు గోధుమ రంగుకు తిరిగినప్పుడే గుత్తికి కాగితపు సంచి కట్టాలి. ఊదా, గులాబీ, తెలుపు రంగులతో పాటు తెల్లటి రేకుల మీద ఊదా చారలున్న రకం కూడా దొరుకుతుంది. నర్సరీ పలక మీద ‘ఫిలిప్పీన్ వయొలెట్’ అని రాసి ఉంటే ఎక్కువ ధర పెట్టకండి. అది మన డిసెంబరు పువ్వే. దాని సొంత నేల భారతదేశం, బర్మా, దక్షిణ చైనా ప్రాంతాలే కానీ ఫిలిప్పీన్స్ కాదు.

ప్రశ్న: మేడ మీది పిట్టగోడ వెంట రెండు కుండీల్లో పాయిన్‌సెట్టియా, నాలుగు కుండీల్లో పసుపు చేమంతి పెంచుతున్నాను. వాటిలో ఒక పాయిన్‌సెట్టియా, రెండు చేమంతులు వీధి వైపు మూలన ఉన్నాయి. అవి జనవరి వచ్చినా పచ్చగానే ఉన్నాయి. మెట్ల వైపు ఉన్న కుండీలు మాత్రం నిండుగా పూశాయి. మట్టి, నీళ్ళు, ఎరువు అన్నింటికీ ఒక్కటే. తేడా ఎక్కడుంది? (ఒక విశ్రాంత ఉద్యోగి, కాజీపేట)

జవాబు: మీ ఉత్తరం చివర్లో, వీధి మూలన ఈ ఏడాదే కొత్త దీపస్తంభం వేశారని, రాత్రిపూట మేడంతా పట్టపగలులా ఉంటోందని సంతోషంగా రాశారు. తేడా అక్కడే ఉంది. మీకు పనికొచ్చిన వెలుగే ఆ మొక్కలకు అడ్డమైంది.

కొన్ని మొక్కలు పూత ఎప్పుడు పట్టాలన్నది చలిని చూసి కాక, రాత్రి పొడవును చూసి తేల్చుకుంటాయి. మన వరంగల్ ప్రాంతంలో జూన్ నెలలో పగలు 13 గంటలు దాటి ఉంటే, డిసెంబరు మూడో వారానికి అది సుమారు 11 గంటలకు తగ్గుతుంది; ఆ మేరకు చీకటి పెరుగుతుంది. పూతకూ పగలూ రాత్రుల పొడవుకూ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1920లో బయటపెట్టారు. ఎండాకాలమంతా మనిషిని మించి పెరిగే ఒక పొగాకు రకం పొలంలో పూయనే పూయకపోవడం, చలికాలంలో అద్దాల ఇంట్లో పెడితే చిన్నగా ఉన్నప్పుడే పూయడం వారిని ఆలోచింపజేసింది. పగలు తగ్గడమే కారణమని వారు తేల్చారు. 1938లో హామ్నర్, బోనర్ అనే మరో ఇద్దరు ఇంకొంత లోతుకు వెళ్ళారు. వారు ప్రయోగానికి తీసుకున్నది మన చెరువు గట్ల మీద పెరిగి, కాయలతో పంచెలకూ చీర అంచులకూ అంటుకునే మరులమాతంగి. పొడవైన రాత్రి నడుమ కొద్దిసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ మొక్క పూయడం మానేసింది. అంటే మొక్క లెక్కపెట్టేది మధ్యలో తెగని చీకటినే. చేమంతి, పాయిన్‌సెట్టియా రెండూ ఈ కోవకు చెందినవే. పండుగ నాటికి పూత రావాలని చేమంతి రైతులు పొలంలో రాత్రిపూట బల్బులు వెలిగించి పూతను వెనక్కి నెట్టడం కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. మీ వీధి దీపం అదే పనిని అడక్కుండానే చేసిపెడుతోంది.

ఈ ఏటికి చేయగలిగింది పెద్దగా లేదు. వచ్చే ఏడు సెప్టెంబరు రెండో వారంలోనే ఆ మూడు కుండీలనూ మెట్ల గది వెనుకకు మార్చండి. అక్కడ చీకటి సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి నేను ఒక మోటు పరీక్ష చేస్తాను: రాత్రి ఎనిమిది గంటలకు కుండీ పక్కన కూర్చుని దినపత్రిక పట్టుకుంటాను, శీర్షికలు చదవగలిగితే ఆ చోటు పనికిరాదు. మార్చే వీలు లేనంత పెద్ద కుండీ అయితే, అక్టోబరు మొదటి నుంచి సాయంత్రం అయిదున్నరకు పెద్ద అట్టపెట్టె బోర్లించి ఉదయం ఏడున్నరకు తీయాలి. పై ఆకులకు ఎరుపు నిండుగా పట్టేదాకా, అంటే సుమారు రెండు నెలలు, ఒక్క రోజు కూడా మానకూడదు. ఇంట్లో పిల్లలుంటే ఆ పని వారికి అప్పగించండి, మనకంటే నియమంగా చేస్తారు.

ఇంకో మాట. పాయిన్‌సెట్టియాలో మనం పువ్వు అనుకునే ఎర్రని భాగం ఆకే. అసలు పూలు దాని నడుమ ఉండే చిన్న పసుపు బుడిపెలు. ఆకులు రాలిపోయాక, మార్చిలో అడుగు ఎత్తుకు కత్తిరించండి. కోసినచోట కారే పాలు చర్మానికి దురద పెడతాయి, కనుక చేతులకు తొడుగు వేసుకోండి. చేమంతికి పూలయ్యాక కాడను నేల మట్టానికి కోసి, మొదట్లో లేచే పిలకలను బతికించుకుని, జూన్‌లో విడదీసి నాటుకోవాలి. ఆగస్టు చివరిదాకా తలలు తుంచితే మొక్క గుబురవుతుంది.

ప్రశ్న: మా గుండు మల్లె చలికాలంలో పూయడం లేదు. ఏ ఎరువు వేయాలి? (నర్సంపేట)

జవాబు: ఏమీ వేయకండి. గుండు మల్లెకు ఇది నిద్ర కాలం. డిసెంబరులో నీళ్ళు బాగా తగ్గించి, జనవరి మొదట్లో మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేసి, ఆ నెలాఖరున ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే మార్చి నుంచి పూస్తుంది. చలిలోనే మల్లెజాతి పువ్వు కావాలనుకుంటే కాగడా మల్లె నాటుకోండి. గుండు మల్లెకున్నంత సువాసన లేకపోయినా, మాలకు తెల్లని పువ్వు దొరుకుతుంది.

ప్రశ్న: బతుకమ్మకు తంగేడు పువ్వు కావాలంటే మా చిన్నప్పుడు ఊరి పొలిమేర దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు అక్కడంతా ప్లాట్లు అయ్యాయి. ఇంట్లో పెంచుదామని రోడ్డు పక్కన తవ్వి తెచ్చిన మొక్కలు రెండుసార్లూ ఎండిపోయాయి. తంగేడు పెరట్లో బతకదా? (జనగామ)

జవాబు: తప్పక బతుకుతుంది. అది మన రాష్ట్ర పుష్పమని గుర్తొచ్చి నర్సరీలో అడిగితే మాత్రం తరచుగా ఖాళీ చేతులతోనే తిరిగి రావలసి వస్తుంది. అడిగేవారు లేకపోవడంతో పెంచేవారూ తక్కువ. మీరు తవ్వి తెచ్చిన మొక్క ఎండిపోవడానికి కారణం దాని తల్లివేరు. పైన రెండడుగులు కూడా లేని మొక్కకు లోపల వేరు అంతకంటే లోతుగా దిగి ఉంటుంది. గడ్డపారతో తవ్వినప్పుడు అది తెగుతుంది, తెగిన వేరు మళ్ళీ కోలుకోదు. కనుక గింజతోనే మొదలుపెట్టండి.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోడ్ల పక్కన తంగేడు కాయలు పలచగా, గోధుమ రంగులో ఎండి వేలాడుతుంటాయి. నాలుగు కాయలు తెచ్చుకుంటే చాలు. గింజ పెంకు గట్టిది, నేరుగా నాటితే నెలల తరబడి కదలదు. మరిగిన నీళ్ళను పొయ్యి మీద నుంచి దించి, కాస్త ఆగి, గింజలను అందులో వేసి రాత్రంతా ఉంచండి. ఉదయానికి ఉబ్బినవాటిని తీసుకుని, ఉబ్బనివాటిని గరుకు రాయి మీద కొద్దిగా రుద్ది మళ్ళీ నానబెట్టండి. తొలకరి తరువాత, చెట్టు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో సరిగ్గా అక్కడే రెండు మూడు గింజలు వేసి, మొలిచాక బలమైనదాన్ని ఉంచండి. ఎర్ర చలక, రాళ్ళ నేల, మొరం కలిసిన మట్టి దేనికైనా ఒప్పుకుంటుంది. మురిపెంగా రోజూ నీళ్ళు పోయడమొక్కటే దానికి గిట్టదు. రెండో ఏటి నుంచి వానలు వెనక్కి తగ్గే వేళకు పూత మొదలై, చలి ముదిరేదాకా ఉంటుంది.

ఆకులను పచ్చని గొంగళిపురుగులు తింటుంటే మందు కొట్టకండి. లేత పసుపు, తెలుపు రంగుల్లో గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకలు తంగేడు ఆకు మీదే గుడ్లు పెడతాయి. చెట్టు ఆ మాత్రం నష్టాన్ని పదిహేను రోజుల్లో పూడ్చుకుంటుంది.

ప్రశ్న: చెరువు మట్టి బలమైనదని ట్రాక్టరు తెప్పించి కుండీలన్నీ దానితోనే నింపాము. కనకాంబరాలు, నూరు వరహాలు రెండూ పాడయ్యాయి. కనకాంబరం నిలువునా వాడిపోతోంది, నూరు వరహాల ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. (ములుగు)

జవాబు: చెరువు మట్టి పొలానికి బలమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని చేలకు తోలుకున్నది అందుకే. పొలంలో అది ఎర్ర చలకతో కలిసిపోతుంది. కుండీలో కలవడానికి ఏమీ లేదు. సన్నని ఒండ్రు తడిసినప్పుడు జిగురుగా ముద్దకట్టి, ఆరినప్పుడు ఇటుకలా బిగిసి కుండీ అంచు నుంచి విడిపోతుంది. మీరు పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి కింద నుంచి వచ్చేస్తాయి, నడుమ వేళ్ళకు అందవు. ఇంకోసారి తడి ఎక్కువై వేరు కుళ్ళుతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు చెరువు మట్టి, ఒక పాలు బాగా మాగిన పెంట కలిపి, కుండీకి గుప్పెడు వేప పిండి వేయండి. వాడిన కనకాంబరం వేళ్ళను కడిగి చూడండి. చిన్న చిన్న ముడులు కనిపిస్తే నులిపురుగు చేరినట్టే. ఆ మొక్కనూ ఆ మట్టినీ వేరే కుండీలకు తగలకుండా పారవేయాలి.

నూరు వరహాల సంగతి వేరు. అది ఇనుప ధాతువు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళు పోయగా పోయగా అది వేరుకు అందకుండా పోతుంది. కుండీ బయట తెల్లని పొర కట్టి ఉంటే నీళ్ళది ఆ గుణమేనని తెలుసుకోవచ్చు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, సాయంత్రం పూట వారానికోసారి చొప్పున మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేయండి. వాననీరు పట్టి ఉంచుకోగలిగినవారు ఈ చెట్టుకు దానినే పోయడం మంచిది.

ప్రశ్న: గులాబీ చెట్టు చలికాలంలో బాగా పూయాలంటే ఎప్పుడు కత్తిరించాలి? మొగ్గల మీద బూడిద చల్లినట్టు తెల్లగా వస్తోంది. (కరీంనగర్)

జవాబు: వానలు వెనక్కి తగ్గాక, అక్టోబరు మధ్యలో కత్తిరించాలి. ఎండిన కొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, అంటు ముడి కింద నుంచి లేచినవి పూర్తిగా తీసేసి, మిగిలిన నాలుగైదు మంచి కొమ్మలను సగానికి కోయండి. బయటి వైపు చూసే కన్నుకు పావు అంగుళం పైన, ఏటవాలుగా కోత పడాలి. కోసిన చివర్లకు బోర్డో పేస్టు (మైలతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూస్తే కొమ్మ పైనుంచి ఎండుకు రావడం ఆగుతుంది. అక్కడి నుంచి సుమారు 45 రోజులకు, నవంబరు చివర్లో మొదటి విడత పూలు వస్తాయి. ఇప్పుడు కత్తిరించినా నష్టం లేదు కానీ, పూలు వచ్చేసరికి ఎండ ముదిరి రేకులు చిన్నబోతాయి.

మీరు చూసినది బూడిద తెగులే. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే ఈ రోజుల్లో లేత చిగుళ్ళకు, మొగ్గ మెడకు పడుతుంది. సోకిన కొసలను తుంచి కాల్చేయండి. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేసి, పది రోజులకు మరోసారి చేయండి. ఎండాకాలంలో మాత్రం గంధకం వాడకండి, ఆకు మాడుతుంది. మొగ్గల కింద పచ్చని పేనుబంక కూడా ఉంటే ముందు నీళ్ళ ధారతో కడిగేసి, మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీరు కలిపి కొట్టండి. గంధకానికీ వేపనూనెకూ నడుమ రెండు వారాల ఎడం ఉండాలి.

ప్రశ్న: మాది ఉట్నూరు. ఇక్కడి చలికి మందారం ఆకులు రాలుతున్నాయి, కనకాంబరం నల్లబడుతోంది. వరంగల్‌లో మా చెల్లెలి ఇంట్లో అవే మొక్కలు బాగున్నాయి. మేము ఏం పెంచుకోవచ్చు?

జవాబు: మీ వైపు చలి వేరు. వరంగల్‌లో 12, 13 డిగ్రీలంటేనే వణికిపోతాము, ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. కనకాంబరం వేడి దేశపు మొక్క, 10 డిగ్రీల కంటే తగ్గితే ఆకు నల్లబడుతుంది. కుండీలో ఉంటే డిసెంబరు, జనవరి రెండు నెలలూ దక్షిణం వైపు గోడకు ఆనించి పెట్టండి. పగలు ఎండకు వేడెక్కిన గోడ తెల్లవారుజాము దాకా కొంత కాపాడుతుంది. మందారానికి నీళ్ళు తగ్గించి వదిలేయండి, శివరాత్రి దాటాక చిగురిస్తుంది. తెల్లవారగానే డాబా మీది ట్యాంకు నీళ్ళు పోసే అలవాటుంటే మానుకోండి. రాత్రంతా చల్లబడిన ఆ నీళ్ళు వేళ్ళకు మంచివి కావు, ఎండ కుండీ మీదికి వచ్చాక తొమ్మిది గంటలకు పోయండి.

మీ ఊళ్ళో డిసెంబరు పూలు, గులాబీ, చేమంతి మాకంటే బాగా వస్తాయి. ఒకే రకం గులాబీ మీ దగ్గర ముదురు రంగులో పూసి ఎక్కువ రోజులు చెట్టు మీద నిలుస్తుంది. కాగితపు పూల చెట్టు కూడా పెట్టుకోండి; దానికి నవంబరు నుంచి నీళ్ళు బాగా తగ్గించి, ఆకులు కొంచెం వాడినట్టు కనిపించాకే పోస్తే ఫిబ్రవరికి ఆకు కనబడనంతగా పూస్తుంది. మీ చెల్లెలిగారింటి డిసెంబరు పూల చెట్టు నుంచి కొమ్మలు తెచ్చుకోదలిస్తే మాత్రం ఇప్పుడు కోయకండి. జూన్‌లో, మొదటి వాన పడ్డ వారంలో వెళ్ళి, తడి గుడ్డలో చుట్టి తెచ్చుకోండి.